తల్లిని అడిగే ముందు ఎక్స్-రే చూడండి

పొద్దున ఏడున్నరకు మా ఇంట్లో రోజూ ఒక పరీక్ష ఉంటుంది. పాప యూనిఫాం వేసుకుని ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుంటుంది. తలకి వినికిడి మిషన్ కాయిల్ సరిగా అతుక్కుందో లేదో చూసి, నేను పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు పలుకుతాను. ఆ, ఈ, ఊ, మ్, శ్, స్. నిన్నటి వరసలో ఇవాళ పలకకూడదు, పిల్లలు వరస బట్టీ పట్టేస్తారు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడనివాళ్లకి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే మిషన్, ఉన్న పిల్లల ఇళ్లలో ఈ ఆరూ సుప్రభాతం లాంటివి. డేనియల్ లింగ్ అనే ఆయన రూపొందించిన పరీక్ష ఇది. మనం మాట్లాడే మాటల్లో బాగా లావు శబ్దం దగ్గర్నుంచి బాగా సన్నని శబ్దం దాకా ఈ ఆరింటి మధ్యనే సర్దుకుంటాయి.

మా పాప మూడేళ్లపాటు ఐదే చెప్పింది. నేను "స్" అంటే తను "శ్" అనేది. కొన్ని రోజులు ఏమీ అనకుండా, నా చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని చూసేది. సబ్బు "అబ్బు" అయ్యేది. బస్సు "బశ్శు" అయ్యేది. పలక మీద "స" చక్కగా దిద్దేది. నోటికి మాత్రం వచ్చేది కాదు.

ఆ శబ్దం ఎక్కడ ఆగిపోయిందో చెప్పే ఫిలిం ఆ మూడేళ్లూ మా బీరువాలోనే ఉంది. నా పెళ్లినాటి ధర్మవరం చీర కింద, పెద్ద బ్రౌన్ కవర్లో. దాన్ని ఎవరూ అడగలేదు. అడిగించుకోవాలని మాకూ తెలియదు.

పాపకు పుట్టుకతోనే వినపడదని మాకు ఏడాదిన్నర దాటాక తెలిసింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగేది కాదు, కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడేది కాదు. "కొందరికి ఆలస్యంలే" అని పెద్దవాళ్లు ధైర్యం చెప్తూ వచ్చారు. శబ్దానికి నరం జవాబిస్తోందా అని చూసే బెరా టెస్టులో తేలిపోయింది. రెండున్నరేళ్లప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆపరేషన్ అయింది. 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. ఆ పథకమే లేకపోతే ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పుకునే నాకూ, ఐదెకరాల చీనీ తోట చూసుకునే మా ఆయనకూ లక్షల రూపాయల మిషన్ కలలో మాట. ఆ రుణం నేను మర్చిపోయేది కాదు. అంత డబ్బు పెట్టి తలలో అమర్చిన వస్తువు పూర్తిగా పని చెయ్యాలన్న ఆశతోనే ఇదంతా రాస్తున్నాను.

మిషన్ రెండు భాగాలు. చెవి వెనక తగిలించుకునేది శబ్దాన్ని పట్టుకుని, సన్నని శబ్దాలు, మధ్యరకం, లావు శబ్దాలు అని వాటాలుగా విడదీస్తుంది. ఆ సమాచారం కాయిల్ గుండా చర్మం దాటి లోపలి భాగానికి చేరుతుంది. అక్కణ్నుంచి ఒక సన్నని తీగ లోపలి చెవిలోని నత్తగుల్లలోకి వెళ్తుంది. స్కూలు పుస్తకంలో దీన్ని కర్ణావర్తం అంటాం. ఆ తీగ పొడవునా చిన్న చిన్న లోహపు చుక్కలుంటాయి, అవే ఎలక్ట్రోడ్లు. కంపెనీని బట్టి 12, 16 లేదా 22. ఒక్కో చుక్క ఒక్కో వాటా శబ్దానికి కరెంటు ఇస్తుంది. పక్కనున్న నరం దాన్ని అందుకుని మెదడుకు మోస్తుంది.

నత్తగుల్ల గొప్పతనం ఏమిటంటే, అందులో చోటే శబ్దం. దాన్ని విప్పి చాపితే సుమారు 35 మిల్లీమీటర్లుంటుంది, అంతే. మొదట్లో, అంటే గుమ్మం దగ్గర, కీచుమనే సన్నని శబ్దాలు. రెండున్నర చుట్లు తిరిగి కొసకు పోయేకొద్దీ లావు శబ్దాలు. గుమ్మం దగ్గర 20,000 హెర్ట్జ్, చిట్టచివర 20 హెర్ట్జ్. హార్మోనియం మెట్లని చుట్టచుట్టి పెట్టినట్టు. ఏ మిల్లీమీటరు దగ్గర ఏ శబ్దం అనేదానికి గ్రీన్‌వుడ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన లెక్క కూడా ఉంది, ఇప్పటికీ అందరూ దాన్నే వాడతారు. అంటే ఎలక్ట్రోడు ఎంత కరెంటు ఇస్తోందన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ కూర్చుందన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో ప్రశ్నకి మ్యాపింగ్ గదిలో, అంటే మిషన్‌ని పిల్లకి తగ్గట్టు సర్దే గదిలో, చోటు లేదు. నా గొడవంతా అదే.

మ్యాపింగ్ గదిలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. మిషన్‌ని వైరుతో కంప్యూటర్‌కి కలుపుతారు. పిల్ల చేతిలో ఒక ప్లాస్టిక్ బ్లాకు పెడతారు. లోపల శబ్దం వినపడగానే డబ్బాలో వెయ్యాలి. ఒక్కో ఎలక్ట్రోడుకీ ఎంత తక్కువ కరెంటుకి వినపడటం మొదలవుతుంది, ఎంత ఎక్కువ దాకా హాయిగా ఉంటుంది, ఈ రెండు హద్దులూ కనుక్కోవాలి. పెద్దవాళ్లయితే "చాలు, ఎక్కువైంది" అని చెప్తారు. మూడేళ్ల పిల్ల ఏం చెప్తుంది? నాలుగు బ్లాకులు వేసి, ఐదోది నోట్లో పెట్టుకుంటుంది. అరగంటకి నిద్రొస్తుంది. అప్పుడు ముఖం చూసి, కనురెప్ప చూసి, అనుభవంతో అంకెలు వెయ్యాలి. ఆ గదిలో కూర్చునేవాళ్లంటే నాకు గౌరవం. చీకట్లో సూదిలోకి దారం ఎక్కించే పని అది.

కాని ఆ గదిలో లైటు వేసుకోవచ్చు, ఎవరూ వెయ్యడం లేదు.

రెండో ఏడు మ్యాపింగ్‌లో "స్" కోసమని సన్నని శబ్దాలవైపు ఎలక్ట్రోడ్లకి కరెంటు పెంచారు. ఇంటికొచ్చిన సాయంత్రం చూశాను, పాప కుడికన్ను కింద అదురుతోంది. టీవీ సౌండు వచ్చినప్పుడల్లా, నేను గట్టిగా మాట్లాడినప్పుడల్లా రెప్ప కింద చిన్న కండ టక్కుటక్కుమని లాగుతోంది. మా అత్తమ్మ చూసి ఆడపిల్లకి కుడికన్ను అదరడం మంచిది కాదని ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. నాకేమో కరెంటు పక్కదారి పడుతోందేమోనని భయం. చెవి పక్కనే ముఖపు నరం వెళ్తుందని నాకు తెలుసు, నేను చెప్పే సబ్జెక్టే కదా. ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు, వెళ్తే తగ్గించారు. అదురు పోయింది, "స్" కూడా రాలేదు. మళ్లీ ఆరు నెలలకు పెంచారు, మళ్లీ అదిరింది, మళ్లీ తగ్గించారు. ఎందుకు ఇలా అవుతోందని ఎవరూ ఒక్క నిమిషం ఆగి ఆలోచించలేదు.

ఆలోచించే బదులు నన్ను అడిగారు. "ఇంట్లో థెరపీ చేయిస్తున్నారా అమ్మా?"

"చేయిస్తున్నాను సార్."

"సరిగా చేయిస్తే ఈపాటికి రావాలే."

ఈ మాట విన్న తల్లులు నాకు కనీసం పదిమంది తెలుసు. ఇది విని ఇంటికొచ్చిన రోజు ఎలా ఉంటుందో వాళ్లకే తెలుసు. నా దగ్గర వంద పేజీల నోటుబుక్కులు రెండున్నాయి. ఏ తేదీన ఏ మాట నేర్పాను, పాప ఏమని పలికింది, అన్నీ రాసుకున్నాను. "సబ్బు" అన్న మాట ఎదుట 41 టిక్కులున్నాయి, 41 సార్లు విడివిడి రోజుల్లో. స్నానం చేయిస్తూ, సబ్బు చేతిలో పెట్టి, చెవి దగ్గర పలికి, నా గొంతు మీద తన చెయ్యి పెట్టించి. ఆ పుస్తకం తీసుకెళ్లి చూపించాలని అనిపించేది. ఎప్పుడూ తీసుకెళ్లలేదు. వాళ్లన్నదాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను. స్కూల్లో ముప్పైమంది పిల్లలకు పాఠం చెప్పి వచ్చి, నా పిల్లకి ఒక అక్షరం నేర్పలేకపోయానని రాత్రుళ్లు కూర్చునేదాన్ని. ఈ బరువు ఇళ్లలో తండ్రుల మీద పడదు. అడిగేది ఎప్పుడూ తల్లినే.

పాపకు ఐదున్నరేళ్లప్పుడు, తెలిసినవాళ్లు చెబితే బెంగళూరులో ఇంకో ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలి, దగ్గరకు వెళ్లాం. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున రైలెక్కితే పొద్దెక్కేసరికి అక్కడుంటాం. ఆమెకి తెలుగొచ్చు. పాత మ్యాపింగ్ రిపోర్టులన్నీ టేబుల్ మీద పరిచింది. చివరి రెండు ఎలక్ట్రోడ్ల వరసలో వేలు పెట్టి ఆగింది. నరం జవాబిస్తోందా లేదా అని కంప్యూటర్ కొలిచే పరీక్ష ఒకటుంది. అందులో ఆ రెండింటి ఎదురుగా మూడు రిపోర్టుల్లోనూ "జవాబు లేదు" అనే ఉంది. మూడు సార్లు, ఒకే చోట.

"ఆపరేషన్ అయ్యాక ఎక్స్-రే తీసుంటారే, అది ఉందా అమ్మా?" అంది.

ఇంట్లో ఉందన్నాను. మా చెల్లెలికి ఫోన్ చేసి బీరువా తీయించాను. అది ఫిలింని ట్యూబ్‌లైటుకి ఎదురు పెట్టి ఫోటో తీసి పంపింది. ఆ ఫోటోలో చెల్లెలి బొటనవేలు కూడా పడింది. ఆడియాలజిస్టు ఫోన్‌లో దాన్ని పెద్దది చేసి చూసింది. నత్తగుల్లలో ఉండాల్సిన తీగ జిలేబీ చుట్టలాగా తిరిగి ఉంది, చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. లెక్క పెడుతూ పైకొచ్చి, చుట్ట మొదలయ్యే చోట ఆగింది. రెండు చుక్కలు చుట్టకు బయట, నిటారుగా ఉన్న ముక్క మీద ఉన్నాయి.

ఫోటో చూసి ఆమె తీర్పు చెప్పెయ్యలేదు, అందుకే ఆమె మీద నాకు గురి కుదిరింది. ఈఎన్‌టీ డాక్టరుకు రాసింది. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ ఒకటి తీయించి, ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ పక్కన పెట్టి చూశారు. రెండు ఎలక్ట్రోడ్లు నత్తగుల్ల గుమ్మం బయటే ఉన్నాయి. సన్నని శబ్దాల వాటా, అంటే "స్" నివసించే వాటా, మిషన్ ఆ రెండింటికే పంపుతోంది. వాటి పక్కన ఆ శబ్దాన్ని అందుకునే నరం లేదు. కరెంటు పెంచితే అది వెతుక్కుంటూ పోయి ముఖపు నరాన్ని తాకుతోంది, కన్ను అదురుతోంది. మరి కంప్యూటర్ టెస్టులో అన్ని ఎలక్ట్రోడ్లకీ కరెంటు బాగానే పోతున్నట్టు ఎందుకు చూపించింది అంటే, చుట్టూ తడి కండ ఉంటే చాలు, కరెంటు పోతుంది. ఎక్కడికి పోతుందో ఆ టెస్టు చెప్పదు.

ఆ రెండింటినీ ఆపేశారు. దాదాపు 200 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఉన్న మొత్తం శబ్దాన్ని లోపలున్న ఎలక్ట్రోడ్లకే తిరిగి పంచారు. దానికి పట్టింది ఇరవై నిమిషాలు. కత్తి లేదు, ఖర్చు లేదు.

వెంటనే అద్భుతం జరగలేదు. మొదటి వారం పాప చిరాకు పడింది, తెలిసిన గొంతులన్నీ కొత్తగా ఉన్నాయేమో. ఐదో వారం అనుకుంటా, ఒక పొద్దున చెయ్యి అడ్డం పెట్టుకుని "స్" అన్నాను. ఇడ్లీ నములుతూ, నా వంక చూడకుండానే "స్" అంది. చట్నీ గిన్నె వైపు చెయ్యి చాపి మళ్లీ తనకు తానే "స్స్స్" అనుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ ముందు నిలబడ్డాను. చాలాసేపు బయటికి రాలేదు.

ఆ వారం నార్పల దగ్గర మా తోటకి పోయినప్పుడు మా నాయనకు ఇదంతా చెప్పాను. తను చదివింది ఐదో తరగతి. నేను ఎలక్ట్రోడు, ఫ్రీక్వెన్సీ అని మొదలుపెట్టేలోపలే అందుకున్నాడు. "డ్రిప్పు పైపే కదమ్మా. సేద్యం చేసేటప్పుడు పైపు జరిగి చెట్టుకి దూరమైతాది. మోటారు కాడ గేజీ బాగానే సూపిస్తాది. నీళ్లు గడ్డికి పోతాంటాయి. ఆకు పండితే ఎరువు తక్కువైందని ఎరువేస్తారు. పైపు యాడుందో సెట్టు మొదట్లోకి పోయి సూడల్ల గదా." తర్వాత కాసేపు ఊరుకుని, "మూడేండ్లు ఎవరూ పోయి సూడలేదా?" అన్నాడు.

నేను అడిగేదీ అదే. చూడగలిగే వీలు ఉండీ ఎందుకు చూడటం లేదు?

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జాక్ నోబుల్, బెన్వా డావాన్, రాబర్ట్ లబాడీ, రెనే గిఫోర్డ్ వంటివాళ్లు ఏళ్ల తరబడి ఇదే పని చేస్తూ వచ్చారు. వాళ్లలో ఇంజనీర్లున్నారు, సర్జన్ ఉన్నాడు, ఆడియాలజిస్టు ఉంది. ఆ కలయికే నాకు నచ్చింది. ఆపరేషన్‌కి ముందు, తర్వాత తీసిన సీటీలను కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పెడతారు. లోహం వల్ల సీటీలో మెరుపు మరకలు వచ్చినా, ఒక్కో ఎలక్ట్రోడు ఏ నరాలకు ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. నరాల కణాలు నత్తగుల్ల మధ్యనున్న ఎముక స్తంభంలో ఉంటాయి. తీగ ఆ స్తంభానికి దూరంగా జరిగిన చోట ఒక ఎలక్ట్రోడు కరెంటు పక్కదాని వాటా నరాల మీద కూడా పడుతుంది. రెండు చుక్కలు ఒకే నరాల గుంపుతో మాట్లాడితే మెదడుకి రెండు వేర్వేరు శబ్దాలు కలగాపులగంగా చేరతాయి. అలాంటి వాటిని గుర్తుపట్టి, కొన్నిటిని ఆపేసి, మిగిలినవాటికి శబ్దాన్ని పంచుతారు. ఏళ్లుగా ఇంప్లాంటు వాడుతున్న పెద్దవాళ్ల మీద చేసిన ఆ పరీక్షల ఫలితాలు 2014 నాటికే పత్రికల్లో వచ్చాయి. చాలామందికి, ముఖ్యంగా చుట్టూ గోల ఉన్నప్పుడు మాట పట్టుకోవడంలో మెరుగు కనిపించింది. ఎలక్ట్రోడ్లు తగ్గిస్తే వినికిడి పెరగడమేమిటని మొదటిసారి చదివినప్పుడు నాకూ వింతగా అనిపించింది. ఒకేసారి పదిమంది మాట్లాడే పంచాయితీలో నలుగురు ఊరుకుంటే మిగతావాళ్ల మాట అర్థం కాదా!

ఇంకో దారి కూడా ఉంది. నత్తగుల్ల అందరికీ ఒకే సైజులో ఉండదు, మనిషికీ మనిషికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. 35 మిల్లీమీటర్లలో కొన్ని మిల్లీమీటర్లంటే చాలా పెద్ద తేడా. అయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చే శబ్దాల పంపకం అందరికీ ఒక్కటే. మెడెల్ కంపెనీ ఓటోప్లాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో సీటీలో ఆ మనిషి నత్తగుల్లని కొలిచి, ఎలక్ట్రోడ్లు ఎంత లోతుకి వెళ్లాయో చూసి, ఆ కొలతల ప్రకారం శబ్దాలను పంచే పద్ధతి తెచ్చింది. రెడీమేడ్ చొక్కా వేసుకోవడానికీ, కొలతలిచ్చి కుట్టించుకోవడానికీ ఉన్న తేడా అది.

ఈ రెండూ అందరికీ రేపే కావాలని నేను అనడం లేదు. నేను అడిగేది ఇంతకంటే చాలా చిన్నది. ఉన్న ఫిలిం చూడండి.

దీనికి నాకు వచ్చిన అభ్యంతరాలన్నీ తేలికగా తీసిపారేసేవి కావు. మొదటిది రేడియేషన్. చిన్న పిల్లలకి అవసరం లేకుండా సీటీ తీయకూడదు, ఒప్పుకుంటాను. కాని ఆపరేషన్‌కి ముందు సీటీనో ఎంఆర్‌ఐనో, చాలాసార్లు రెండూనో, ఎలాగూ తీస్తారు. అవి లేకుండా సర్జన్ చెవిని ముట్టుకోడు. ఆపరేషన్ తర్వాత తీగ సరిగా ఉందో లేదో చూడటానికి చాలా చోట్ల ఒక ఎక్స్-రే తీస్తారు, దాని రేడియేషన్ సీటీతో పోలిస్తే చాలా తక్కువ. కొస మడతపడినా, కొన్ని చుక్కలు బయట ఉండిపోయినా చాలావరకు ఆ ఒక్క ఎక్స్-రేలోనే కనపడుతుంది. కొత్తగా తీయమని నేను అడగడం లేదు, తీసినవాటిని మ్యాపింగ్ చేసేవాళ్ల బల్ల మీదకు చేర్చమంటున్నాను. అనుమానం వచ్చినప్పుడు మాత్రమే తర్వాతి స్కాన్. అది తియ్యాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. పిల్లలకు చేతులు, కాళ్లు, పుర్రె అన్నీ పెరుగుతాయి కాని నత్తగుల్ల పెరగదు. పుట్టేసరికే పెద్దవాళ్ల సైజు వచ్చేస్తుంది. రెండేళ్లప్పుడు తీసిన సీటీలో ఉన్న కొలతే ఇరవయ్యేళ్లప్పుడూ ఉంటుంది. అంటే ఆ స్కాన్ ఎప్పటికీ పాతబడదు. అలాంటిదాన్ని మనం ఆపరేషన్ అయిపోగానే అటకమీద పడేస్తున్నాం. ఫిలిం ఒక్కటే ఇచ్చి పంపితే అదీ సగమే. ఈ కొలతల సాఫ్ట్‌వేర్లకి డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ బొమ్మల అసలు ఫైళ్లు, ఉండే సీడీ కావాలి.

రెండో అభ్యంతరం నాకు బాగా గట్టిదనిపించింది. ఒక థెరపిస్టు అంది, "మెదడు అలవాటు పడుతుందండీ. శబ్దాలు కొంచెం అటూ ఇటూ జరిగినా పిల్లల మెదడు సర్దుకుంటుంది. పుట్టుకతో వినపడని పిల్లకి ఏ శబ్దం ఎక్కడుండాలో ముందు తెలియదు కదా." నిజమే. స్కాన్ చూసి మార్చిన మ్యాపు కొందరికి నచ్చక పాతదానికే తిరిగి వెళ్లారు కూడా. పెద్దవాళ్లలో కనపడినంత స్పష్టమైన లాభం పిల్లల్లో ఇంకా తేలలేదు. కాబట్టి ప్రతి పిల్ల మ్యాపునీ స్కాన్ చూసి తిరగరాయమని చెప్పే ధైర్యం నాకు లేదు. కాని పక్కకు జరిగిన శబ్దం వేరు, అసలు చేరని శబ్దం వేరు. మా పాప మెదడు అలవాటు పడటానికి "స్" లోపలికి వస్తే కదా! అన్ని ఎలక్ట్రోడ్లూ లోపలే ఉన్నాయని తేలాక "అలవాటు పడుతుంది" అంటే నేను నమ్ముతాను. చూడకుండా అంటే నమ్మను.

థెరపీ ముఖ్యం, స్కాన్ కాదు అంటారు. థెరపీనే ముఖ్యం. మిషన్ రోజంతా పెట్టుకోవడం, ఇంట్లో మాట్లాడటం, ఇవి లేకుండా ఏ స్కానూ ఏమీ చెయ్యలేదు. 41 టిక్కులు పెట్టినదాన్ని, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రద్దీ అన్నది చివరి అభ్యంతరం. రోజుకు ఎంతోమంది పిల్లలు, ఫిలింలు చూస్తూ కూర్చునే తీరిక ఎక్కడిదని. మా పాప ఎక్స్-రేలో చుక్కలు లెక్కపెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాలు పెట్టనందుకు మేం ఏడు సార్లు మ్యాపింగ్‌కి తిరిగాం. ఏడు రోజుల సెలవు, ఏడు సార్లు బస్సు చార్జీలు, ఏడు సార్లు పాప ఏడుపు. ఎవరి తీరిక మిగిలింది? పైగా ఈ లెక్క ఆపరేషన్ చేసిన డాక్టరే ఒక్క వాక్యంలో రాసివ్వొచ్చు. "ఇన్ని ఎలక్ట్రోడ్లకు గాను ఇన్ని లోపల ఉన్నాయి, కొస మడత లేదు." డిశ్చార్జి కాగితంలో ఈ ఒక్క వాక్యం ఉంటే మా మూడేళ్లు మాకు మిగిలేవి. ఆపరేషన్ రోజే తీగ అలా ఉందో, అక్కడినుంచి ఎక్స్-రే తీసేలోపు జారిందో నాకు తెలియదు. తీగ జారడం జరుగుతుంది, అందుకు ఎవర్నీ నిందించను. తీసిన ఎక్స్-రే వంక చూడకపోవడానికి మాత్రం నా దగ్గర క్షమ లేదు.

అసలు లోపం మనుషుల్లో కంటే అమరికలో ఉందని ఇప్పుడనిపిస్తోంది. స్కాన్ సర్జన్ కోసం తీస్తారు. సర్జన్ పని ఆపరేషన్‌తో అయిపోతుంది. మ్యాపింగ్ ఇంకో గదిలో, కొన్నిసార్లు ఇంకో ఊళ్లో, ఇంకో మనిషి చేస్తారు. ఆ మనిషి కంప్యూటర్‌లో ఎలక్ట్రోడ్లు ఒకటి, రెండు, మూడు అని నిటారు గీతల్లా వరసగా నిలబడి ఉంటాయి, అన్నీ సమానమైన దూరంలో. ఆ బొమ్మ చూస్తే లోపల కూడా అంతే పద్ధతిగా ఉన్నాయనిపిస్తుంది. ఈ రెండు గదుల మధ్య కవరు మోసేది తల్లిదండ్రులు, ఆ కవర్లో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పరు. మా జిల్లాలో తాడిపత్రి నుంచో కళ్యాణదుర్గం నుంచో పిల్లని ఎత్తుకొచ్చే తల్లి డాక్టరుని "సార్, ఎలక్ట్రోడ్లన్నీ లోపలే ఉన్నాయా?" అని ఎలా అడుగుతుంది?

అడగాలి. అందుకే రాస్తున్నాను. ఆపరేషన్‌కి డబ్బు కట్టే పథకమే, మొదటి మ్యాపింగ్ ఫైల్లో ఎక్స్-రే చూసినట్టు ఒక సంతకం ఉండాలని నియమం పెడితే అందరికీ ఒకేసారి జరిగిపోతుంది. అది జరిగేదాకా, ఇంట్లో ఇంప్లాంటు పిల్ల ఉన్నవాళ్లు ఇవాళే బీరువా తెరవండి. ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీ సీడీ ఉందా చూడండి, లేకపోతే ఆసుపత్రిలో అడగండి, వాళ్ల దగ్గర ఎప్పటికీ ఉండదు. సీడీ దొరికితే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వేసుకోండి. ఫిలిం ఎండ తగిలే చోట, వేడి చోట పెట్టకండి. తర్వాతి మ్యాపింగ్‌కి కవరు తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. కన్నో పెదవో బుగ్గో అదురుతుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. మ్యాపు ఎన్నిసార్లు మార్చినా ఒకే శబ్దం దగ్గర ఆగిపోతుంటే, ఆ శబ్దం వెళ్లే ఎలక్ట్రోడు ఎక్కడుందని అడగండి. మీరే చూసి తీర్మానించుకోకండి, ఎలక్ట్రోడ్లు ఆపమని పట్టుబట్టకండి. చూడమని మాత్రం పట్టుబట్టండి.

మొన్న ఆదివారం ధర్మవరం నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల బాబుకి నాలుగేళ్లు, ఆపరేషన్ అయి ఏడాదిన్నర. "అక్కా, వాడు 'ఊ' చెప్పడు, మిగతావన్నీ చెప్తాడు. ఇంట్లో మేం మాట్లాడటం లేదని ఆసుపత్రిలో అంటున్నారు" అంది. గొంతు వణుకుతోంది. "ఊ" అంటే లావు శబ్దం, తీగ కొసవైపు. కొస మడతపడిందో, ఊరికే మ్యాపు సర్దుకోవాలో, ఇంకేదైనానో నేను ఫోన్‌లో ఎలా చెప్పగలను? ఎక్స్-రే ఉందా అని అడిగాను. ఉండమని, ఫోన్ పక్కన పెట్టి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమనడం, కవర్లు కదలడం వినపడ్డాయి. మధ్యలో బాబు ఏదో పిలుస్తున్నాడు, ఆమె "వస్తున్నా నాన్నా" అంటోంది.

"ఉందక్కా, దొరికింది" అంది కాసేపటికి. "దీన్ని లైటుకి ఏ వైపు పట్టుకోవాలి?"